కార్నియా గాయం, తాపప్రక్రియ: కణపొర ఒకటి చెబుతోంది, మేక కన్ను ఇంకొకటి చెబుతోంది. ఏది నమ్మాలి?

తొలిఅడుగు (పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. కార్నియా (నల్లగుడ్డు మీద ఉండే పారదర్శక పొర) మీద గాయం మానే క్రమాన్ని, ఆ సమయంలో కణజాలంలో రేగే తాపప్రక్రియను (ఇన్‌ఫ్లమేషన్) ప్రయోగశాలలో పరిశీలించడం నా పరిశోధనాంశం. దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు కాబట్టి, ఆ పసుపులోని కర్క్యుమిన్ కార్నియా మీద ఏం చేస్తుందో తేల్చుకోవాలనుకున్నాను. ఏడాదిగా రెండు నమూనాలతో పని చేస్తున్నాను. ఒకటి ఔనంటే రెండోది కాదంటోంది.

మొదటి నమూనా, ఎస్‌వీ40 వైరస్ జన్యువు సాయంతో ఎన్ని తరాలైనా విభజన చెందేలా మార్చిన మానవ కార్నియా ఎపితీలియల్ కణాలు, అంటే కార్నియా పైపొర కణాలు. వాటిని ప్లేటులో ఒకే పొరగా పెంచి, 200 మైక్రోలీటర్ల పిపెట్ టిప్‌తో గీత గీసి, టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే ప్రోటీన్‌తో తాపప్రక్రియను రేపి, ఆ ప్రక్రియకు సంకేతాలైన ఐఎల్-6, ఐఎల్-8 ప్రోటీన్లు ఎంత విడుదలవుతున్నాయో ఎలైజా అనే యాంటీబాడీ పరీక్షతో కొలిచాను. కర్క్యుమిన్ కలిపిన గళ్ళలో ఆ రెండూ బాగా తగ్గాయి. గీత పూడే వేగం మాత్రం తగ్గలేదు.

రెండో నమూనా, మటన్ దుకాణం నుంచి తెచ్చిన మేక కళ్ళు. కార్నియాను చుట్టూ తెల్లగుడ్డు అంచుతో సహా కోసి, బోర్లించి, దాని గుంటలో అగరోజ్, జెలటిన్ కలిపిన వెచ్చని ద్రావకాన్ని పోస్తాను. అది గట్టిపడ్డాక తిరగేస్తే కార్నియా చిన్న గోపురంలా నిలుస్తుంది. కార్నియా, తెల్లగుడ్డు కలిసే లింబస్ అంచు వరకే మీడియం (పోషక ద్రవం) పోసి, పైభాగం గాలికి తగిలేలా 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచుతాను. 6 మిల్లీమీటర్ల ట్రెఫైన్ అనే కత్తితో గుండ్రంగా గుర్తు పెట్టి, లోపలి ఎపితీలియం పొరను గీకేసి, ఫ్లోరెసిన్ చుక్క వేసి నీలికాంతిలో రోజూ ఫొటో తీస్తాను. పొర లేనిచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. 72 గంటలకు మందు లేని కార్నియాల్లో ఆ పచ్చదనం దాదాపు పోయింది. కర్క్యుమిన్ వేసిన వాటిలో మచ్చ అలాగే ఉండిపోయింది, కొన్నింటిలో మొదటి రోజు కంటే పెద్దదిగా కనిపించింది.

కణపొర ఫలితాలతోనే పత్రం రాయడానికి కూర్చున్నాను గానీ మనసు ఒప్పడం లేదు. ఇలాంటి అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాతప్రయోగశాల (కణజీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవారు)

మనసు ఒప్పకపోవడం మంచి సూచనే అమ్మా. ఆ రెండు నమూనాలూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదని ముందుగా గ్రహించాలి.

కార్నియాలో గాయం పూడే క్రమం ఇలా ఉంటుంది. మొదటి 4 నుంచి 6 గంటల పాటు అంచు కణాలు కదలవు. పాత పట్టులను వదులుకుని, ఫైబ్రోనెక్టిన్ వంటి తాత్కాలిక పరుపును సిద్ధం చేసుకుంటాయి. ఆ తర్వాత గంటకు సుమారు 60 నుంచి 80 మైక్రాన్ల వేగంతో పొరగా జరుగుతాయి. మీ గాయం వ్యాసార్ధం 3000 మైక్రాన్లు కాబట్టి, సగటున 70 మైక్రాన్ల లెక్కన 43 గంటలు, ముందున్న విరామంతో కలిపి రెండు రోజులు పట్టాలి. శరీరం బయట ఉంచిన కణజాలం కొంత నెమ్మదిస్తుంది కనుక, మీ మందు లేని కార్నియాలు 72 గంటలకు పూడటం సబబుగానే ఉంది. కాబట్టి మీ మేక కార్నియాలలో కొన్నైనా బతికే ఉన్నాయి.

ఇక పిపెట్ గీత సంగతి. అక్కడ కణాలు జరగడం వల్ల పూడిందా, విభజన వల్ల పూడిందా? మైటోమైసిన్-సి పెట్టి విభజనను ఆపి చూశారా? ఎస్‌వీ40 కణాలు విభజన మీద పగ్గం తీసేసిన కణాలు కనుక, వాటితో తీసిన గీత పరీక్షలో ఈ ప్రశ్న వేయకుండా ముందుకు పోరాదు.

రెండో ప్రశ్న. మీ మీడియంలో ఏమున్నాయి? కార్నియా ఎపితీలియంను పెంచడానికి అందరూ వాడే హార్మోన్ల మీడియంలో ఇన్సులిన్, ఈజీఎఫ్ అనే పెరుగుదల కారకంతో పాటు హైడ్రోకార్టిసోన్ ఉంటుంది. అది స్టెరాయిడ్. ఒక చేత్తో తాపప్రక్రియను రేపుతూ, ఇంకో చేత్తో దాన్ని అణిచే మందును పోస్తూ, మధ్యలో మూడో మందు శక్తిని కొలవడం ఎలా సాధ్యం? నేను స్వయంగా ఈ పొరపాటు చేసి రెండేళ్ళు పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా అడుగుతున్నాను.

మూడోది, ఐఎల్-6 తగ్గిన గళ్ళలో కణాలు బతికి ఉన్నాయా? చచ్చిన కణం కూడా ఐఎల్-6 విడుదల చేయదు. అదే గళ్ళ మీడియంలో, కణం చచ్చినప్పుడు బయటికి కారే ఎల్‌డీహెచ్ ఎంజైమును కొలిచారా? నాలుగోది, మేక కళ్ళు ఎప్పుడు, ఏ స్థితిలో మీ చేతికి వస్తున్నాయి?

గట్టుమీదచెట్టు (చదివి తెలుసుకునేవాడిని)

నేను శాస్త్రం చదివినవాడిని కాను. అయినా ఈ చర్చ నన్ను ఆపేసింది. మా నాన్నగారికి కుప్ప నూర్చేటప్పుడు వడ్ల ఊక కంట్లో పడింది. ఎవరో చెప్పారని ఆకు పసరు పోశారు. నెల తిరిగేసరికి నల్లగుడ్డు మీద పువ్వు పూసింది, చూపు పోయింది. తాపప్రక్రియ అంటే మనం వాపు, మంట, ఎరుపు అనుకునేదేనా? అది గాయం మానడానికి వచ్చేదా, చెరచడానికి వచ్చేదా? ఒక పొర కణాలను గాజు పళ్ళెంలో గీకితే మా నాన్నగారి కంట్లో జరిగింది ఎలా తెలుస్తుంది?

కంటిడాక్టరు (తెనాలి)

గట్టుమీదచెట్టు గారూ, మీ నాన్నగారికి జరిగినది మా ఓపీలో ప్రతి కోత కాలంలోనూ చూస్తుంటాను. ఊక, వరి కంకి, చెరకు ఆకు తగిలిన కన్ను ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ బూజులతో పుండు పడి వస్తుంది. వచ్చేలోపు పసరో, తల్లిపాలో, దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలో పడి ఉంటాయి. బూజు పుండుకు స్టెరాయిడ్ పడితే నొప్పి, ఎరుపు కొంత తగ్గినట్టు అనిపిస్తుంది, బూజు మాత్రం లోపలికి దిగిపోతుంది. తాపప్రక్రియ మంచిదా చెడ్డదా అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. బూజును ఎదుర్కొనడానికి రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు రావాలి. ఆ కణాలే ఎక్కువ రోజులు తిష్ఠ వేస్తే వాటి ఎంజైములు కార్నియా కొల్లాజెన్‌ను కరిగిస్తాయి.

మిగతా సగం జవాబు గాయం లోతులో ఉంది. కార్నియా మొత్తం మందం మధ్యలో అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. పై ఎపితీలియం అందులో 50 మైక్రాన్లు మాత్రమే. గోరు గీరుకుని అది ఒక్కటే లేస్తే ఒకటి రెండు రోజుల్లో మచ్చ లేకుండా మానుతుంది. దాని అడుగున ఉన్న ఆధారపొర, బోమన్ పొర చిరిగితే కథ మారుతుంది. దెబ్బతిన్న ఎపితీలియల్ కణాలు తమలో దాచుకున్న ఐఎల్-1 ఆల్ఫా అనే సంకేత ప్రోటీన్‌ను వదులుతాయి; కింద స్ట్రోమా అనే మందపాటి మధ్యపొరలో ఉండే కెరటోసైట్ కణాలు కొన్ని గంటల్లోనే చనిపోతాయి; మిగిలినవి మేల్కొని ఫైబ్రోబ్లాస్టులుగా మారతాయి; ఆధారపొర అడ్డు లేకపోవడంతో పైనుంచి టీజీఎఫ్-బీటా అనే మరో సంకేత ప్రోటీన్ లోపలికి దిగి వాటిని మయోఫైబ్రోబ్లాస్టులుగా మారుస్తుంది. అవి పారదర్శకత లేని కొల్లాజెన్‌ను అడ్డదిడ్డంగా అల్లుతాయి. ఊళ్ళో పువ్వు అనేది అదే.

కాబట్టి మీ చివరి ప్రశ్న న్యాయమైనది. ఎపితీలియం ఒక్కటే ఉన్న పళ్ళెంలో కెరటోసైట్లు లేవు, ఆధారపొర లేదు, నరం లేదు, న్యూట్రోఫిల్ లేదు. పువ్వు ఎలా పూస్తుందో ఆ పళ్ళెం చెప్పలేదు. కార్నియా శరీరంలోకెల్లా నరాలు అత్యంత దట్టంగా ఉన్న కణజాలం. ఆ నరాలు చచ్చిన కళ్ళలో చిన్న గీరుడు కూడా నెలల తరబడి మానదు. నరాల పెరుగుదల కారకం ఆధారంగా తయారైన సెనెజెర్మిన్ చుక్కలకు 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది ఇందుకే. తొలిఅడుగు గారి మేక కార్నియాలో నరాలు తెగిపోయి ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఒక మనవి. ఈ చర్చ చదివి ఎవరూ కంట్లో పసుపు వేసుకోవద్దు.

తొలిఅడుగు

పాతప్రయోగశాల గారూ, మీరు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పవలసి రావడం మంచిదైంది. మైటోమైసిన్ పెట్టలేదు. మీడియంలో హైడ్రోకార్టిసోన్ ఉంది, మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాములు; సీసా మీద ఉన్నదాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను, కానీ అది స్టెరాయిడ్ అన్న ఆలోచనే తట్టలేదు. ఎల్‌డీహెచ్ ఒక్క బ్యాచ్‌కే కొలిచాను. మేక కళ్ళు ఉదయం ఎనిమిది గంటలకు దుకాణం నుంచి తెస్తాను. కొన్ని రోజులు కార్నియా అద్దంలా ఉంటుంది, కొన్ని రోజులు పాలమీగడ పట్టినట్టు ఉంటుంది. పాలమీగడలా ఉన్నవాటిని పారేస్తాను, మధ్యస్థంగా ఉన్నవి వాడాను.

పాతప్రయోగశాల

ఆ మధ్యస్థంగా ఉన్నవే కొంప ముంచుతాయి. తలకాయలను దుకాణంలో ఏం చేస్తారో ఒకసారి నిలబడి చూడండి. బొచ్చు పోవడానికి మంట మీద కాలుస్తారు. కనురెప్పలు మూసుకుని ఉన్నా లోపలి ఎపితీలియం ఆ వేడికి ఉడికిపోతుంది. కన్ను పైకి తెల్లబడకపోయినా అంచు కణాలు కదిలే స్థితిలో ఉండవు. పంది కళ్ళు వాడే దేశాల్లోనూ ఇదే ఇబ్బంది: కబేళాలో వేడినీటి తొట్టెలో ముంచకముందే కన్ను తీయించుకోవాలి. కాల్చకముందే తలను పక్కన పెట్టమని దుకాణం ఆయనతో మాట్లాడుకోండి. కన్నును మంచు మీద, తేమ గదిలో ఉంచి తీసుకురండి, నేరుగా మంచుకు తగలనీయకండి. వచ్చిన వెంటనే గాయం చేయకముందే ఫ్లోరెసిన్ వేసి చూసి, అప్పటికే మచ్చలున్న కన్నును లెక్కలోంచి తీసేయండి. పోవిడోన్ అయొడిన్‌తో కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచితే అది కూడా ఎపితీలియంను చంపుతుంది.

ఇంకో మాట. మానవ ఐఎల్-8 కిట్టు మేక ఐఎల్-8ను గుర్తిస్తుందని అనుకోవద్దు. ఎలుకల మాటకొస్తే, చిట్టెలుకకు ఐఎల్-8 జన్యువే లేదు, దాని పని వేరే కీమోకైన్లు (కణాలను పిలిచే సంకేత ప్రోటీన్లు) చేస్తాయి. ఏ జీవి కణజాలమైతే ఆ జీవికి సరిపోయే యాంటీబాడీ వాడాలి, లేదా ఆర్‌ఎన్‌ఏ స్థాయిలో కొలవాలి.

సముద్రంఅవతల (కణజాల నమూనాలు తయారుచేసే పని, అమెరికా)

కొంచెం ఆలస్యంగా వచ్చాను. అందరూ కణజాలం మీద దృష్టి పెట్టారు, నాకు మాత్రం మందు మీదే అనుమానంగా ఉంది. కర్క్యుమిన్ పసుపు రంగు పదార్థం. 425 నానోమీటర్ల దగ్గర నీలికాంతిని పీల్చుకుని ఆకుపచ్చగా మెరుస్తుంది. తొలిఅడుగు గారు ఫ్లోరెసిన్ చూడటానికి వాడేది అదే నీలికాంతి. ఎపితీలియం లేనిచోట స్ట్రోమా కొల్లాజెన్‌కు కర్క్యుమిన్ అంటుకుని ఉంటే, పొర మూసుకున్న తర్వాత కూడా కింద నుంచి మెరుస్తూనే ఉంటుంది. ఫొటోలో కనిపిస్తున్నది గాయమా, పసుపా? కర్క్యుమిన్ వేసి, ఫ్లోరెసిన్ అసలు వేయని కార్నియా ఒకటి పెట్టి చూడండి. పెద్దదవుతున్న మచ్చకు ఇంకో కారణం కూడా ఉండవచ్చు: ఫ్లోరెసిన్ వేసి ఫొటో ఆలస్యం చేస్తే రంగు అంచుల కిందకు పాకుతుంది. గాయాన్ని మిథిలీన్ బ్లూ ఉన్న రిచర్డ్‌సన్ రంగుతో చూడటం, చివరికి కోసి హెచ్ అండ్ ఈ రంగులద్దిన స్లైడు చేయడం మంచిది.

అదీగాక, కర్క్యుమిన్ నిలకడ లేని పదార్థం. సీరం లేని 7.2 పీహెచ్ ద్రావకంలో, 37 డిగ్రీల వద్ద అరగంటలో సుమారు 90 శాతం విరిగిపోతుంది. సీరం ఉంటే నెమ్మదిగా విరుగుతుంది. అంటే మీ రెండు నమూనాల మీడియంలలో సీరం తేడా ఉంటే, కణాలకు అందిన మందే వేరు.

మార్కెట్లో దొరికే నమూనాల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది వాటిని తప్పుగా వాడతారు. 1944లో జాన్ డ్రేజ్ పేరుతో మొదలైన కుందేలు కంటి పరీక్షకు బదులుగా, పునర్నిర్మిత మానవ ఎపితీలియంతో చేసే పరీక్షను ఓఈసీడీ (పలు దేశాల ఆర్థిక సహకార సంస్థ) 2015లో 492వ మార్గదర్శకంగా ప్రకటించింది. రసాయనం వేశాక కణజాలం 60 శాతానికి మించి బతికి ఉంటే దాన్ని కంటికి హాని చేయనిదిగా వర్గీకరిస్తారు. అందులో ప్రసిద్ధమైన ఎపిఆక్యులర్ నమూనా నిజానికి చర్మపు కెరటినోసైట్లతో తయారవుతుంది. చికాకు కలిగిస్తుందా లేదా అని తేల్చడానికి అది చక్కగా సరిపోతుంది. గాయం ఎలా మానుతుందో, మచ్చ ఎలా పడుతుందో అడిగితే దాని దగ్గర సమాధానం ఉండదు.

దానికంటే ముందే, 1999లో మే గ్రిఫిత్ బృందం ఎపితీలియం, స్ట్రోమా, ఎండోతీలియం (లోపలి పొర) మూడింటి కణాలతో కార్నియాను పోలిన కణజాలాన్ని నిర్మించింది. 2019లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాన్ హ్యూ బృందం రెప్ప కొట్టే కన్నును చిప్ మీద తయారుచేసింది: కెరటోసైట్లున్న గుండ్రని ఆధారం మీద కార్నియా, కంజంక్టైవా (తెల్లగుడ్డును కప్పే పొర) కణాలు, వాటి మీద కన్నీటి ద్రవాన్ని పరిచే జెల్ రెప్ప. రెప్ప కొట్టడం తగ్గిస్తే పొడికంటి తాపప్రక్రియ మొదలైంది, లూబ్రిసిన్ అనే జారుడు ప్రోటీన్ వేస్తే తగ్గింది. కార్నియా నమూనాలో రాపిడి కూడా ఒక భాగమని నాకు మొదటిసారి బలంగా అనిపించింది ఆ పని చూసినప్పుడే.

కంటిడాక్టరు

చిప్ అద్భుతం, ఒప్పుకుంటాను. అయినా లింబస్ రక్తనాళాల నుంచి న్యూట్రోఫిల్స్ వరుస కట్టి రావడం, ఎముక మజ్జ స్పందించడం ఏ చిప్‌లోనూ లేవు. సున్నం ప్యాకెట్ నొక్కి కంట్లో చిమ్ముకున్న పిల్లవాడిని తెస్తారు. క్షారం కొవ్వును సబ్బులా మార్చుకుంటూ నిమిషాల్లో లోపలికి దిగిపోతుంది. మొదటి వారం పది రోజులు స్టెరాయిడ్ వేసి, ఎపితీలియం మూసుకోకపోతే ఆ తర్వాత తగ్గించాలి, లేకపోతే కార్నియా కరిగిపోయే ప్రమాదం ఉంది. పదో రోజు దగ్గర స్టెరాయిడ్ తగ్గించాలన్న నిర్ణయం మాకు జంతు నమూనాల వల్లనే వచ్చింది. సోడియం హైడ్రాక్సైడ్‌లో తడిపిన వడపోత కాగితపు బిళ్ళను అంటించి మేక కార్నియాలో కాలిన గాయం చేయవచ్చు, కానీ న్యూట్రోఫిల్స్ రాని ఆ కణజాలంలో పదో రోజు సంగతి తేలదు.

పాతప్రయోగశాల

డాక్టరు గారి మాటను గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. కుందేలు కార్నియా ఎండోతీలియం దెబ్బతింటే విభజన చెంది పూడ్చుకుంటుంది, మనిషిలో అలా జరగదు. ఆ ఒక్క తేడాతో ఎన్ని మందులు కుందేలు మీద మంచివిగా తేలి ఉంటాయో ఆలోచించండి. నా ఉద్దేశంలో, ప్రశ్న ముక్కలుగా విడగొట్టగలిగినంత కాలం జంతువు దాకా పోనవసరం లేదు. న్యూట్రోఫిల్ పాత్ర తెలియాలంటే దాతల రక్తం నుంచి తీసిన న్యూట్రోఫిల్స్‌ను కార్నియా మీద వదిలి చూడవచ్చు. అవి ఒక రోజుకు మించి బతకవు నిజమే, కానీ మొదటి రోజు ప్రశ్నలకు ఆ రోజు చాలు. 2023 మార్చిలో మన దేశపు కొత్త మందుల నిబంధనలను సవరించి, ఆర్గనాయిడ్లు (ప్రయోగశాలలో పెంచిన బుల్లి అవయవాలు), చిప్ మీది అవయవాల వంటి పద్ధతుల ఫలితాలకూ చోటిచ్చారు. పదో రోజు ప్రశ్నకు మాత్రం, ప్రస్తుతానికి, మీదే పైచేయి.

గట్టుమీదచెట్టు

నేత్రదానం చేసిన కళ్ళు కూడా ఇలా ప్రయోగాలకు వాడతారా? ఇచ్చినవాళ్ళకు తెలుస్తుందా? మా నాన్నగారు పోయినప్పుడు, చూపున్న రెండో కన్ను ఇచ్చాం, అందుకని అడుగుతున్నాను.

కంటిడాక్టరు

మీరు చేసినది చాలా పెద్ద పని. మొదటి హక్కు ఎప్పుడూ మార్పిడి కోసం ఎదురుచూసే రోగిదే. ఎండోతీలియం కణాల సంఖ్య బాగా తక్కువగా ఉండటం వంటి కారణాలతో మార్పిడికి పనికిరానివి మాత్రమే, కుటుంబం పరిశోధనకు సమ్మతిస్తూ సంతకం చేసి ఉంటే, ప్రయోగశాలకు వెళ్తాయి. మార్పిడిలో మధ్య బిళ్ళను వాడుకున్నాక మిగిలే అంచు ఉంగరం కూడా విలువైనదే, ఎందుకంటే ఎపితీలియంను జీవితాంతం భర్తీ చేసే మూలకణాలు ఆ లింబస్‌లోనే ఉంటాయి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో 2001 నుంచి లింబస్ కణాలను ఉమ్మపొర మీద పెంచి కాలిన కళ్ళకు అతికించారు. తర్వాత ఆరోగ్యమైన కంటి నుంచి తీసిన చిన్న లింబస్ ముక్కను మరింత చిన్న తునకలుగా చేసి నేరుగా కంటి మీదే పెరగనిచ్చే పద్ధతిని వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ప్రచురించింది. 2022లో అదే సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి, మానవ కార్నియా నుంచి కణాలను తొలగించి చేసిన జెల్‌తో 3డీ ముద్రిత కార్నియాను తయారుచేసి కుందేలులో అమర్చి చూశాయి. దాతలు ఇచ్చిన కణజాలం లేకపోతే ఇందులో ఏదీ జరిగేది కాదు.

తొలిఅడుగు

నెల రోజుల తర్వాత వస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, మీరు చెప్పినవన్నీ చేశాకే రాద్దామనుకున్నాను.

ఫ్లోరెసిన్ వేయని కార్నియాను చీకటి గదిలో నీలికాంతి కింద పెట్టగానే నా చేతులు ఆగిపోయాయి. గాయం ఉన్న వలయం మొత్తం నిమ్మపండు రంగు కలిసిన ఆకుపచ్చలో వెలుగుతోంది. ఇంతకాలం మానని గాయమని కొలిచింది ఆ వెలుగునే. అవే కార్నియాలను కోసి స్లైడ్లు చేస్తే, మెరుస్తున్నచోట మూడు నాలుగు వరుసల కొత్త ఎపితీలియం చక్కగా కప్పుకుని ఉంది. అంచున కణాలు నిలువుగా, మధ్యకు వచ్చేకొద్దీ బల్లపరుపుగా పరుచుకుని ఉన్నాయి. రిచర్డ్‌సన్ రంగుతో చూసినా అదే తేలింది. కర్క్యుమిన్ గాయం మానడాన్ని ఆపలేదు, వేగిరపరచనూ లేదు.

కణపొర సంగతి అంత సంతోషంగా లేదు. హైడ్రోకార్టిసోన్ తీసేసి, ఒక రోజు ఆగి, మళ్ళీ చేశాను. టీఎన్ఎఫ్-ఆల్ఫాకు స్పందన ఇదివరకటి కంటే చాలా ఎక్కువగా వచ్చింది. ఐఎల్-6 బాగా తగ్గిన మోతాదులో ఎల్‌డీహెచ్ పెరిగింది, అంటే కణాలు చస్తున్నాయి. కణాలు బతికి ఉన్న మోతాదులో తగ్గుదల ఉంది గానీ చిన్నది. మైటోమైసిన్ పెట్టాక గీత పూడటం అన్ని గళ్ళలోనూ ఒకేలా నెమ్మదించింది. పత్రాన్ని పక్కన పెట్టి, ఆ చిన్న తగ్గుదల మేక స్ట్రోమాలో కెరటోసైట్ల చావును తగ్గిస్తుందా అన్న ప్రశ్నతో కొత్తగా మొదలుపెడుతున్నాను. ఈసారి ఆధారపొర కూడా పోయేలా లోతుగా గీకుతాను, మీడియంలో సీరం తేడా రాకుండా చూసుకుంటాను.

దుకాణం ఆయన మొదట ఒప్పుకోలేదు. ఎందుకు కావాలో చెప్పి, సున్నం పడిన పిల్లల గురించి చెప్పాక, తలకాయలు మంట మీదకు పోకముందే నాలుగు పక్కన పెట్టి ఉంచుతానన్నారు. తెల్లవారి ఐదున్నరకు రమ్మన్నారు. రేపు మొదటి బ్యాచ్.